ఫ్రిజ్ నీళ్ల గ్లాసు పట్టుకుంటే చెయ్యి మండుతోంది... టెన్షన్ వల్లేనా?

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. మాది కాకినాడ. బీపీకి మాత్ర వేసుకుంటాను, షుగర్ లేదు. అట్లాంటాలో ఉంటున్న మా అబ్బాయి దగ్గరికి వెళ్లినప్పుడు అందరం కలిసి కరీబియన్‌లోని ఆంటిగ్వా దీవి చూడ్డానికి వెళ్లాం. రిసార్ట్‌లో సముద్రం ఒడ్డునే ఉన్న రెస్టారెంట్‌లో ఒక రాత్రి నేనూ అబ్బాయీ బొగ్గుల మీద కాల్చిన బారకూడా చేప తిన్నాం. కోడలు శాకాహారి, ముట్టుకోలేదు. తెల్లవారుజామున ఇద్దరికీ వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రెండు రోజుల్లో అవి తగ్గాయిగానీ పెదాలు, అరచేతులు, అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. ఇంటికొచ్చి నెల దాటింది. ఫ్రిజ్‌లోంచి తీసిన స్టీలు గ్లాసు పట్టుకుంటే కాలిన పెనం ముట్టుకున్నట్టు చురుక్కుమంటోంది. రాత్రిళ్లు ఒళ్లంతా దురద. బీ12, థైరాయిడ్, షుగర్ పరీక్షలన్నీ నార్మల్ అన్నారు. టెన్షన్ తగ్గించుకోమని నిద్రమాత్ర రాశారు. మొన్న వంజరం పులుసు తిన్నాక మళ్లీ ఎక్కువైంది. అబ్బాయికి బీరు తాగిన రోజు తిమ్మిర్లు వస్తున్నాయట. మాకు పాడైన చేప పెట్టారా? ఇది తగ్గుతుందా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో స్టీలు గ్లాసు మాట చదవగానే జబ్బు దాదాపు తెలిసిపోయింది. చల్లటి వస్తువు తాకితే మంట పుట్టడం, దానికి ముందు సముద్రపు చేప తిని ఉండటం, తిన్న ఇద్దరికీ వచ్చి తినని మనిషికి రాకపోవడం. ఈ మూడూ కలిస్తే వైద్యులకు ముందుగా గుర్తు రావలసిన పేరు సిగ్వాటెరా. ఇది చేప ద్వారా వచ్చే ఒక రకం విషప్రభావం. మీది టెన్షన్ కాదు. మీరు ఊహించుకుంటున్నదీ కాదు.

కరీబియన్‌కి ఇది పాత జబ్బే. ఆ పేరు కూడా క్యూబాలో 'సిగ్వా' అని పిలిచే ఒక సముద్రపు నత్త నుంచి వచ్చింది. ఆంటిగ్వా ఉన్న ఈశాన్య కరీబియన్ దీవుల్లో ఇది ఎక్కువ. పగడపు దిబ్బల మీద, ముఖ్యంగా చనిపోయిన పగడాల మీద పెరిగే నాచును అంటిపెట్టుకుని, కంటికి కనిపించని ఒక సూక్ష్మజీవి బతుకుతుంది. విషం తయారయ్యేది దాని దగ్గరే. నాచు మేసే చిన్న చేపల్లోకి, వాటిని మింగే పెద్ద చేపల్లోకి ఆ విషం చేరి పేరుకుంటూ పోతుంది. అందుకే వేటాడి బతికే బారకూడా, గ్రూపర్, ఆంబర్‌జాక్, పెద్ద స్నాపర్ లాంటి చేపల్లో మోతాదు ఎక్కువ. తల, కాలేయం, గుడ్లలో మరీ ఎక్కువ.

పాడైన చేప పెట్టారా అని అడిగారు. అలా అనుకోవలసిన పని లేదు. అప్పుడే వలలోంచి తీసిన చేపలోనూ ఈ విషం ఉండొచ్చు. రంగు, వాసన, రుచి ఏమీ మారవు. కాల్చినా, ఉడికించినా, ఉప్పులో ఊరబెట్టినా, నెలల తరబడి ఫ్రీజర్‌లో పెట్టినా విషం పోదు. చేప మీద ఈగలు వాలకపోతే విషమని, వెండి నాణెం నల్లబడితే విషమని కొన్నిచోట్ల చెప్పుకుంటారు. వాటిని నమ్మకండి. ఆ వంటవాడు ఎంత శుభ్రంగా వండినా మీకు ఇదే జరిగేది.

ఈ విషం నరాల్లోని సోడియం ద్వారాలను తెరిచి ఉంచేస్తుంది. దాంతో నరాలు చిన్నపాటి స్పర్శకే కేకలు పెడతాయి. దీనిలో చల్లనిది వేడిగా, వేడిది చల్లగా తెలుస్తుందని చాలామంది చెబుతారు. అసలు సంగతి కాస్త వేరు. చల్లదనం చల్లదనంగానే తెలుస్తుంది, దాంతోపాటే మంట, నొప్పి లేస్తాయి. పొద్దున్నే కుళాయి నీళ్లతో మొహం కడుక్కున్నప్పుడు, చెప్పుల్లేకుండా గచ్చు మీద నడిచినప్పుడు ఎలా ఉంటోందో గమనించి మీ డాక్టర్‌కి చెప్పండి. సిగ్వాటెరాను తేల్చడానికి మన ఆసుపత్రుల్లో రక్తపరీక్ష లేదు. రోగి చెప్పే కథే పరీక్ష. ఏ చేప తిన్నారు, ఎక్కడ, ఇంకెవరు తిన్నారు అని అడిగి ఉంటే మీకు ఈ నెల రోజుల తిప్పలు కొంతైనా తప్పేవి. అడగలేదని తెలిసి బాధేసింది.

ఇక వంజరం. ఒకసారి ఈ జబ్బు వచ్చాక కొన్ని నెలలపాటు మామూలు చేప తిన్నా లక్షణాలు తిరగబెట్టొచ్చు. మన వంజరంలో విషం ఉందని కాదు, మీ నరాలు ఇంకా కోలుకోలేదని అర్థం. కనీసం ఆరు నెలలు చేపలు పూర్తిగా మానండి. కొర్రమీనైనా పండుగప్పైనా సరే, చేపల పులుసు పైతేట కూడా వద్దు. జీడిపప్పు, బాదం, వేరుశనగ, కాఫీ, మద్యం కూడా అంతే. కాకినాడ మనిషికి చేప మానమనడం ఎంత కష్టమో నాకు తెలుసు. పల్లీ చట్నీ కూడా ఆపమంటున్నాను. కానీ జాగ్రత్తలు పాటించకుండా మళ్లీ మళ్లీ తిరగబెట్టించుకుంటే బాధపడే రోజులు పెరుగుతాయి. అబ్బాయి బీరు మానాల్సింది కూడా అందుకే. మద్యం ఈ లక్షణాలను బాగా రెచ్చగొడుతుంది. ఒళ్లు అలిసి చెమటలు కారేంత వ్యాయామం కూడా కొన్నాళ్లు వద్దనండి.

దీనికి విరుగుడు మందు లేదు. ఒకప్పుడు మానిటాల్ అనే మందును రక్తనాళంలోకి ఎక్కించేవారు. 2002లో వచ్చిన ఒక అధ్యయనంలో అది మామూలు సెలైన్ కన్నా ఎక్కువ మేలేమీ చేయలేదని తేలింది. మీ విషయంలో సమయమూ దాటిపోయింది, కాబట్టి దాని కోసం తిరగకండి. మంట, తిమ్మిర్లకు గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి మందుల్లో మీకు సరిపడేది న్యూరాలజిస్టు చూసి రాస్తారు. దురదకు వేరే మాత్ర ఉంటుంది. మీరు బీపీ మందు వాడుతున్నారు, ఈ విషం నాడి వేగాన్నీ బీపీనీ తగ్గించగలదు. అందుకని ఒకసారి ఈసీజీ తీయించి, బీపీ మాత్ర మోతాదు సరిపోతోందో లేదో అడగండి. మీ అంతట మీరు మాత్ర ఆపొద్దు. కళ్లు తిరిగి పడిపోయినా, నాడి 50 కన్నా తగ్గినా, ఊపిరి ఆడకపోయినా, కాళ్లలో బలం పోతున్నట్టు అనిపించినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

చాలామందిలో ఇది వారాల్లో, కొందరిలో నెలల్లో తగ్గుతుంది. ఎక్కువ కాలం పట్టేది కొద్దిమందికే. అలాగని పూర్తిగా తగ్గాక కూడా ధీమాగా ఉండొద్దు. ఒకసారి వస్తే మళ్లీ రాకుండా రక్షణ ఏర్పడదు సరికదా, రెండోసారి వస్తే మరింత తీవ్రంగా ఉండొచ్చు. కాబట్టి ఇకపై ఆ దీవులకు వెళితే బారకూడా జోలికి పోవద్దు. మెనూలో 'ఈ రోజు పట్టిన చేప' అని మాత్రమే ఉంటే అది ఏ చేపో, ఎంత పెద్దదో అడిగి తెలుసుకున్నాకే ఆర్డర్ ఇవ్వండి. చెప్పలేకపోతే చికెన్ చెప్పండి.

ఇంట్లో ఎవరికీ అంటుకోదు, వంట మీరే చేయొచ్చు. ఫ్రిజ్‌లోంచి కూరగాయలు తీసేటప్పుడు మాత్రం చేతికి గుడ్డ చుట్టుకోండి, తాగడానికి గోరువెచ్చని నీళ్లు పెట్టుకోండి. ఈ జవాబును ప్రింట్ తీసి మీ డాక్టర్‌కి చూపించండి, ఫైల్లో జబ్బు పేరు రాయించుకోండి. అబ్బాయిని కూడా అట్లాంటాలో డాక్టర్‌ని కలిసి ఆ రాత్రి ఏం తిన్నాడో చెప్పమనండి.