స్కూల్ ట్రిప్ దండగేనా? ఎగ్మోర్‌లో నేను చూసిన ఏనుగు సంగతి వినండి

మీ పాప ఏడో తరగతి, స్కూల్ వాళ్ళు చెన్నై ఎగ్మోర్ మ్యూజియం ట్రిప్‌కి 900 అడుగుతున్నారు, ఒక్కపూట తిరిగొస్తే ఏం మిగులుతుంది అన్నారు కదా. నాకేం మిగిలిందో చెప్తా, లెక్క మీరే వేసుకోండి.

నేను పెరంబూర్‌లో పెరిగాను, మా అమ్మానాన్నలది గుంటూరు వైపు. నన్నూ ఏడో తరగతిలోనే ఆ మ్యూజియానికి తీసుకెళ్ళారు. మద్రాసులో పాతవాళ్ళు దాన్ని 'సెత్త కాలేజ్' అనేవాళ్ళు, చచ్చిన జంతువులు ఉంటాయని. జూ అయితే 'ఉయిర్ కాలేజ్'. ఆ రోజు బస్సు గంటన్నర లేటు, పులిహోర పొట్లాలు దారిలోనే ఖాళీ. మ్యూజియం 1851లో పెట్టారని నోట్సులో రాసుకున్నాం, అది పరీక్షలో రానేలేదు.

తర్వాత అమరావతి శిల్పాల దగ్గరికి తీసుకెళ్ళారు. క్లాసులో నన్ను 'గొల్టీ' అని (తెలుగువాళ్ళని వెక్కిరించే మాట) ఏడిపించేవాడే బోర్డు మీద గుంటూరు పేరు చదివి "డేయ్, ఉంగ ఊరుడా!" అని అరిచాడు. సెలవుల్లో అమ్మమ్మ వాళ్ళింటికి వెళ్తే అమరావతిలో కృష్ణలో మునిగి, అమరేశ్వరుడికి దణ్ణం పెట్టుకుని వచ్చేసేవాళ్ళం. పక్కనే ఇంత బౌద్ధ స్తూపం ఉండేదని ఇంట్లో ఒక్కరూ చెప్పలేదు! ఈ రాళ్ళు ఇక్కడికెలా వచ్చాయని సోషల్ సార్‌ని అడిగాను. 1797లో ఈస్టిండియా కంపెనీ అధికారి మెకంజీ చూసేసరికే జమీందారు మనుషులు ఇళ్ళు కట్టడానికి ఆ స్తూపం దిబ్బ తవ్వుకుపోతున్నారట, 1845లో ఇంకో అధికారి ఎలియట్ తవ్వించి చాలా రాళ్ళు మద్రాసుకు పంపితే అందులో బోలెడు ఆ తర్వాత లండన్ చేరాయట.

సార్ మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఒక గుండ్రటి ఫలకం ముందు. పలనాటి సున్నపురాయి, తెలుపులో కాస్త పచ్చ ఛాయ. బుద్ధుణ్ణి చంపాలని మీదికి వదిలిన నాలగిరి అనే మదమెక్కిన ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కుతోంది, జనం హడలిపోతున్నారు, పైన కిటికీల్లోంచి కొందరు తొంగి చూస్తున్నారు (ఇప్పుడైతే ఫోన్లు బయటికి తీసేవాళ్ళు), అదే రాతిలో ఇంకోచోట ఏనుగు బుద్ధుడి ముందు మోకాళ్ళ మీద ఉంది. "రెండు ఏనుగులా సార్?" అన్నాను. "ఒక్కటేరా, ముందు అది, తర్వాత ఇది" అన్నారు. నాకు అక్కడే బుర్ర తిరిగింది, కథ మొత్తం ఒక్క రాతి మీద! ఆ ఏడాది సోషల్ పుస్తకంలో ఏముందో ఒక్క ముక్క గుర్తులేదు గానీ ఆ కిటికీలు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి. ఉద్యోగం వచ్చాక సొంత డబ్బుతో అమరావతి వెళ్ళి ఖాళీగా మిగిలిన ఆ దిబ్బ చుట్టూ నడిచొచ్చాను.

అన్ని ట్రిప్పులూ ఇలాగే ఉంటాయని చెప్పను. మా అమ్మాయి స్కూల్ వాళ్ళు నీళ్ళలో జారే పార్కుకి తీసుకెళ్ళి దానికి 'ఎడ్యుకేషనల్ టూర్' అని పేరు పెట్టారు, అది అచ్చంగా దండగే. మీ స్కూల్ వాళ్ళని రెండు అడగండి: ఒక్క రోజులో ఎన్ని చోట్లు, టీచర్ ముందుగా వెళ్ళి చూసొచ్చారా అని. నాలుగు చోట్లంటే పిల్లలు బస్సు తప్ప ఇంకేం చూడరు. మర్నాడు రెండు పేజీల వ్యాసం రాయమంటే ఉన్న సరదా కూడా పోతుంది.

అమరావతి గ్యాలరీ చూపించకుండా తిప్పి తెచ్చేస్తే మాత్రం ఒక ఆదివారం మీరే పాపని తీసుకెళ్ళండి, శుక్రవారం మ్యూజియానికి సెలవు. పులిహోర కాస్త ఎక్కువే కట్టుకెళ్ళండి.