నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్ శిక్ష కాదు

రీఇన్‌ఫోర్స్‌మెంట్, పనిష్‌మెంట్ అనే సైకాలజీ మాటలు ప్రతిసారీ తారుమారవుతున్నాయని చదివేవాళ్లు చాలామంది అంటుంటారు. చిక్కంతా 'నెగెటివ్'ని 'చెడు' అని చదవడంలోనే ఉంది. ఫలితాన్ని బట్టి ప్రవర్తన ఎలా మారుతుందో పరిశోధించిన సైకాలజిస్టు స్కిన్నర్ లెక్కలో పాజిటివ్ అంటే ఏదో ఒకటి చేర్చడం, నెగెటివ్ అంటే తీసేయడం, అంతే. ముందు, అలా చేశాక ప్రవర్తన పెరిగిందా, తగ్గిందా అని చూడండి. పెరిగితే రీఇన్‌ఫోర్స్‌మెంట్, తగ్గితే పనిష్‌మెంట్. చేర్చారా, తీసేశారా అన్నది ఆ తర్వాతే. సీటు బెల్టు పెట్టుకోగానే కారులో బీప్ ఆగిపోతుంది, దాంతో పెట్టుకోవడం అలవాటవుతుంది: ఇది నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్. ఫోన్ లాక్కున్నాక పిల్లాడి అల్లరి తగ్గితే నెగెటివ్ పనిష్‌మెంట్. అల్లరి తగ్గకపోతే? మనం ఎంత కోపంగా లాక్కున్నా అది పనిష్‌మెంట్ కిందకి రాదు.

తిండికి ముందు వచ్చే సంకేతానికే లాలాజలం ఊరేలా అలవాటుపడ్డ పావ్లోవ్ ప్రయోగంలోని కుక్కల్ని మాత్రం ఇందులో కలపకండి. అక్కడ లాలాజలం దానంతటదే ఊరుతుంది, ముందొచ్చే సంకేతమే కీలకం; ఇక్కడేమో ప్రవర్తన తర్వాత వచ్చే ఫలితం.

నోట్సు తిరగేయడం మానేసి, పుస్తకం మూసి పాజిటివ్, నెగెటివ్ రీఇన్‌ఫోర్స్‌మెంట్‌కి రెండు, పాజిటివ్, నెగెటివ్ పనిష్‌మెంట్‌కి రెండు, మొత్తం నాలుగు గళ్లలో సొంత ఉదాహరణలు రాయండి. రెండు రోజులాగి మళ్లీ రాయండి.