షికాగోనా, డాలసా: ఎందుకు తేలడం లేదంటే

అమెరికాలో షికాగోలో ఒకటి, డాలస్‌లో ఒకటి ఉద్యోగం ఆఫర్లు వచ్చాయి, ఏది తీసుకోవాలో తేలడం లేదంటున్నారు. రెండు ఆఫర్లలో జీతం ఒకటే కాబట్టి మీరు చలినీ ఎండనీ పోలుస్తున్నారు. అందుకే తేలడం లేదు. జనవరిలో షికాగో, ఆగస్టులో డాలస్, రెండూ ఇంట్లో కూర్చోబెట్టేవే.

1. షికాగో ఉన్న ఇల్లినాయ్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను 4.95 శాతం, డాలస్ ఉన్న టెక్సస్‌లో లేదు. ఆ తేడా కాగితం మీద రాయండి.

2. అందరూ వదిలేసేది కారు లెక్క. షికాగోలో ట్రైన్ స్టేషన్ దగ్గర ఇల్లు తీసుకుంటే ఒక్క కారుతో, కొందరికి అదీ లేకుండానే గడిచిపోతుంది. డాలస్ శివార్లలో ఇద్దరూ ఉద్యోగం చేస్తే రెండు కార్లు దాదాపు తప్పవు. రెండో కారు ఈఎంఐ, ఇన్సూరెన్స్, పెట్రోలు కలిపి పన్ను మిగులులోంచి తీసేయండి. ఏమైనా మిగిలితే డాలస్.

3. ప్రాపర్టీ ట్యాక్స్ రెండు చోట్లా ఎక్కువే, దాని గురించి టెన్షన్ వద్దు.

లెక్క సమానంగా వస్తే, వేసవిలో వచ్చే అమ్మానాన్నలు సాయంత్రం హాయిగా నడవగలిగేది షికాగోలోనే.