గుణుపురంలో ట్యూషన్ మొదలెడుతున్న అమ్మలుకి

పర్లాకిమిడి

చిరంజీవి అమ్మలుకి, పెదనాన్న ఆశీస్సులు.

గుణుపురంలో తొమ్మిది, పది తరగతుల పిల్లలకి లెక్కలు చెప్పబోతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. పొంగిపోయాను. మొదలెట్టేది వృత్తాలతోనని విన్నాక మాత్రం బెంగ పట్టుకుంది.

జ్యా, చాపం (అంటే వృత్తం అంచులో ఒక ముక్క), వ్యాసం ఒక పూటలో బొమ్మ గీయించి ముగించెయ్. అసలు చిక్కు "వృత్తం మీది కోణం, కేంద్రం దగ్గరి కోణంలో సగం" అన్న చోట ఉంది. పదో తరగతిలో నువ్వు పడింది అక్కడే. వృత్తం మీద ఏ, బీ బిందువులు, కేంద్రం ఓ దగ్గర ఏఓబీ కోణం 100 డిగ్రీలు, సీ బిందువు చిన్న చాపం మీద; ఏసీబీ కోణం ఎంత అని లెక్క. బొమ్మ వైపు చూడకుండా 50 అని రాసేసి, తప్పు పడిందని ఆ పూట అన్నం మానేశావు. పెద్దమ్మ బతిమాలినా లేవలేదు, మొండిదానివి! అప్పుడు పీట మీద వృత్తం గీసి, ఏ, బీల దగ్గర మేకులు కొట్టి రబ్బరు బ్యాండు తగిలించాను. పెన్సిలు మొనతో దాన్ని లాగి పెద్ద చాపం మీద నడిపించావు. ఎక్కడ ఆపినా కోణమానిని 50 చూపించింది. మేకు దాటి చిన్న చాపం మీదికి రాగానే 130! ఇక్కడ సగం చేయాల్సింది అవతలి వైపున్న 260 డిగ్రీలని నువ్వే అన్నావు. 50, 130 కలిపితే 180. నాలుగు మూలలూ వృత్తం మీదే ఉండే చక్రీయ చతుర్భుజంలో ఎదురెదురు కోణాల సంగతీ అదే పీట మీద తేలిపోయింది. ఆ తర్వాత రెండోసారి వడ్డించుకుని తిన్నావమ్మా.

అందుకే సూత్రం ముందు చెప్పకు. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు అయిన పిల్లలు ఏ భాషలోనైనా బట్టీ పట్టేస్తారు, అర్థమైందని నువ్వు మోసపోతావు. చేత్తో కొలవనీ. తర్వాత కేంద్రం నుంచి సీకి గీత కలిపించు. వ్యాసార్ధాలు సమానం కాబట్టి సమద్విబాహు త్రిభుజాలు వస్తాయని వాళ్ల నోటే చెప్పించు.

అర్ధవృత్తంలో కోణం 90 అనడానికి నోటుపుస్తకం మూల చాలు. కంచం బోర్లించి గీసిన వృత్తం మీద ఆ మూల ఆనించి, దాని అంచులు వృత్తాన్ని దాటే రెండు చోట్లని కలిపితే వ్యాసం. ఇంకోచోట అలాగే చేస్తే రెండు వ్యాసాలు కలిసిన చోట కేంద్రం.

కంపాస్ ముల్లంటే నాకు భయం. పక్కపక్కనే కూర్చోబెట్టకు, చేతికి అందించేటప్పుడు ముల్లు మూసి ఇమ్మను. దసరాకి వచ్చేటప్పుడు ఏ పిల్లాడు ఎక్కడ ఆగిపోతున్నాడో రాసి తీసుకురా, కూర్చుని చూద్దాం.

మీ పెదనాన్న