కాల్ రూమ్ తలుపు నీ కోసం ఆగదు

ఒరేయ్ చిన్నా,

ఇంటర్నేషనల్ మీట్‌లో 100 మీటర్లకి నువ్వు సెలెక్ట్ అయ్యావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చెబుతూ చెబుతూ ఏడ్చేసింది కూడా. నాకూ గర్వంగానే ఉంది, కాదనను. కానీ ఫోన్ పెట్టేసిన దగ్గర్నుంచి నన్ను పట్టుకున్న టెన్షన్ ఒకటే: వీడు టైముకి చేరతాడా? సినిమాకి బయల్దేరితే ఇంటర్వెల్‌కి వచ్చే రకానివి నువ్వు.

పరుగు గురించి నేను చెప్పేదేం లేదు, దానికి మీ కోచ్ ఉన్నాడు. వేళకి తిను, పడుకో. కొత్త స్పైక్స్ (మేకుల బూట్లు) రేసు రోజే మొదటిసారి తొడగకు. ఎవరు ఏ పొడి ఇచ్చినా, ఏ మాత్ర ఇచ్చినా నోట్లో వేసుకోకు. రేపు డోపింగ్ టెస్టు శాంపిల్‌లో ఏదైనా తేలితే నాకు తెలియదండీ అంటే వినేవాళ్లు ఉండరు.

నేను చెప్పాలనుకున్నది కాల్ రూమ్ సంగతి, అదే, రేసుకి ముందు పరిగెత్తేవాళ్లని పిలిచి, అన్నీ సరిచూసి ట్రాక్ మీదికి పంపే గది. ఆ గదిలో అధికారిగా చాలా ఏళ్లు కూర్చున్నవాణ్ణి కదా. బిబ్ (బనీనుకి గుచ్చుకునే నంబరు గుడ్డ) సరిచూడటం, స్పైక్ మేకు 9 మిల్లీమీటర్లు దాటిందేమో కొలవడం, ఫోన్లూ ఇయర్‌ఫోన్లూ తీసి పక్కన పెట్టించడం, ఇదీ పని. బయట సింహాల్లా తిరిగే కుర్రాళ్లు అక్కడ బిబ్‌కి పిన్ను గుచ్చుకోలేక వేళ్లు వణికిపోతుంటే చూశాను. ఒకసారి ఒకడు తలుపు మూశాక పరిగెత్తుకొచ్చాడు. వార్మప్ ట్రాక్ మీద ఇంకొక్క స్టార్ట్ తీద్దామని ఆగాడట. అప్పటికే వాళ్ల హీట్ వాళ్లని, అంటే అతనితో కలిసి పరిగెత్తాల్సిన జట్టుని, ట్రాక్ మీదికి తీసుకెళ్లిపోయారు. నాతో వాదించలేదు పాపం, స్పైక్స్ చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు. నీ ఈడు వాడే.

పెద్ద పోటీల్లో ఇలా ఎవరు చేస్తారులే అంటావేమో, 1972 మ్యూనిక్ ఒలింపిక్స్ సంగతి విను. 100 మీటర్లకి అమెరికా నుంచి ముగ్గురు వెళ్లారు, ఎడ్డీ హార్ట్, రే రాబిన్సన్, రాబర్ట్ టేలర్. హార్ట్, రాబిన్సన్ ఇద్దరూ ఆ ఏడాదే వాళ్ల దేశపు ట్రయల్స్‌లో (ఎంపిక పోటీల్లో) 9.9 సెకన్లలో పరిగెత్తి అప్పటి ప్రపంచ రికార్డుని సమం చేసినవాళ్లు. పొద్దున మొదటి రౌండ్ దాటేశారు. క్వార్టర్ ఫైనల్ ఎప్పుడో కోచ్ చెప్పాడు, వీళ్లు నమ్మారు. ఆయన దగ్గరున్నది ఎప్పటిదో పాత షెడ్యూల్. స్టేడియానికి వెళ్లే బస్సు కోసం ఎదురుచూస్తూ, అక్కడున్న టీవీలో 100 మీటర్ల వాళ్లు బ్లాకుల దగ్గరికి వస్తుంటే చూసి, పొద్దుటి రేసే మళ్లీ వేస్తున్నారనుకున్నారు. తీరా అది లైవ్! తమ హీట్‌నే టీవీలో చూస్తున్నారన్నమాట. కారెక్కి పడుతూ లేస్తూ వెళ్లేసరికి హార్ట్, రాబిన్సన్‌ల హీట్లు అయిపోయాయి. టేలర్ ఒక్కడికే హీట్ మిగిలింది, వార్మప్ కూడా సరిగ్గా లేకుండా దిగాడు. అతనే తర్వాత ఫైనల్లో 10.24తో వెండి పతకం తెచ్చుకున్నాడు, బంగారం 10.14తో సోవియట్ యూనియన్ బోర్జోవ్‌ది. హార్ట్‌కి రిలేలో బంగారమైనా వచ్చింది. రాబిన్సన్‌కి ఆ ఒలింపిక్స్‌లో ఇంకో పరుగే లేదురా. అన్నేళ్ల కష్టం ఒక పాత కాగితం దగ్గర ఆగిపోయింది. తప్పు నాదేనని కోచ్ ఒప్పుకున్నాడు, ఒప్పుకుంటే ఆ రేసు తిరిగొస్తుందా?

అందుకే నీ టైము నువ్వే చూసుకో. గ్రూపులో మేనేజర్ పెట్టిన మెసేజ్ చాలదు, ముందు రోజు రాత్రి ఒకసారి, పొద్దున లేచాక ఒకసారి బోర్డు దగ్గరికి నడిచి వెళ్లి చూడు. రేసు టైము వేరు, కాల్ రూమ్ టైము వేరు, నువ్వు చూడాల్సింది రెండోది.

ఇంకోటి, దీనికి మాత్రం తిట్టాలి నిన్ను. గన్ ఎప్పుడు పేలుతుందో ముందే ఊహించి లేచే అలవాటు నీకుంది, వీడియోల్లో చూశాను. 2010 నుంచి రెండో అవకాశం లేదు, గన్ పేలాక 0.1 సెకను లోపే కదిలినా ఫాల్స్ స్టార్ట్, రేసులోంచి ఔట్. 2011లో దేగు ప్రపంచ ఛాంపియన్‌షిప్స్‌లో అంతటి బోల్ట్‌నే ఫైనల్లోంచి బయటికి పంపేశారు. ఆ తొందరెందుకురా? 2024 పారిస్ ఒలింపిక్స్ ఫైనల్లో అమెరికా నోవా లైల్స్ గన్ విని కదలడానికి 0.178 సెకను పట్టింది, మొదట్లో అందరికంటే వెనకపడ్డాడు, చివరికి 9.784 మీద గెలిచాడు, రెండో స్థానంలో వచ్చిన కిషేన్ థాంప్సన్‌ది 9.789. నీదీ ఆఖరి 40 మీటర్లలో అందుకునే పరుగే, చిన్నప్పటి నుంచీ చూస్తున్నా. గన్ విని లే, చాలు.

షెడ్యూల్ పెట్టగానే ఫొటో తీసి నాకు పంపు. ఎవరో ఫార్వర్డ్ చేసింది కాదు, నువ్వు బోర్డు ముందు నిలబడి తీసింది. నీ హీట్ కాల్ రూమ్ టైము కింద గీత గీసి మరీ పంపు. చాదస్తం అనుకుంటే అనుకో.

మీ మావయ్య