పాత ఇత్తడి చెంబు బొమ్మ గీస్తే మట్టికుండలా వస్తోంది, మెరుపు ఎలా తేవాలి?

అటక మీద దొరికిన మరచెంబు, అడకత్తెర గీస్తున్నానని, చెంబు కాస్తా మట్టికుండలా వస్తోందని, ఏ పెన్సిల్ కొనాలో చెప్పమని అడిగారు. పెన్సిల్ సంగతి తర్వాత. ముందు ఆ చెంబుని దయచేసి చింతపండు పెట్టి తోమకండి.

నేను తోమాను. మా అమ్మమ్మ సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నర్సాపురం పుట్టింటికి వెళ్లేటప్పుడు మంచినీళ్లకు తీసుకెళ్లిన మరచెంబు అది. మెడ దగ్గర చుక్కలు చుక్కలుగా కొట్టిన ఆవిడ పేరు, ఆ చుక్కల్లో పేరుకున్న నలుపు, ఎప్పుడో కింద పడి సొట్టపోయిన చోటు. బొమ్మలో బాగా కనపడాలని రుద్ది రుద్ది తోమేసరికి కొట్లోంచి తెచ్చిన కొత్త చెంబులా అయిపోయింది. పేరు కూడా సరిగ్గా కనపడలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక మెరుపు. అది పెన్సిల్‌తో వచ్చేది కాదు, కాగితం తెలుపుని వదిలేస్తే వచ్చేది. మట్టికుండ మీద వెలుగు మెల్లగా నీడలోకి దిగుతుంది. ఇత్తడి మీద అలా కాదు, తెల్లటి మెరుపు పక్కనే కటిక నలుపు ఉంటుంది. చెంబుని కిటికీ పక్కన పెట్టి, ట్యూబ్‌లైటు ఆర్పేసి, కళ్లు సగం మూసి చూడండి. దాని బొజ్జ మీద కిటికీ ఊచలతో సహా వంగి కనిపిస్తుంది. ముందు ఆ మెరుపుల ఆకారాలు మామూలు హెచ్‌బి పెన్సిల్‌తో సన్నగా గీసుకోండి. వాటిని ముట్టుకోకుండా పక్కనున్న నలుపు 4బితో (బి ముందు అంకె పెరిగేకొద్దీ పెన్సిల్ మెత్తగా, నల్లగా పడుతుంది) పొరలు పొరలుగా నింపండి. హెచ్‌బినే గట్టిగా అదిమితే గ్రాఫైట్ నిగనిగలాడుతుంది గానీ నలుపు రాదు. హెచ్‌బి, 2బి, 4బి, 6బి ఉంటే చాలు, పెద్ద సెట్టు అక్కర్లేదు.

ఇంకో సంగతి. చెంబుని కాస్త పైనుంచి చూస్తాం కాబట్టి అడుగు వంపు మూతి వంపు కన్నా ఎక్కువ గుండ్రంగా ఉండాలి. చాలామంది అడుగున తిన్నగా గీత కొట్టేస్తారు. అప్పుడు చెంబు బల్లలోకి దిగబడినట్టు ఉంటుంది.

మన కోనసీమ వానాకాలంలో కాగితం తేమ పీల్చి మెత్తబడిపోతుంది, పెన్సిల్ ముల్లు దిగి గాడి పడుతుంది. నేను డ్రాయింగ్ కాగితాలు పాలిథిన్ కవర్లో చుట్టి బీరువాలో పెడతాను. గీసేటప్పుడు చెమట అంటకుండా చెయ్యి కింద బటర్ పేపర్ ముక్క వేసుకుంటాను.

రాజమండ్రి వెళ్తే చిత్రకారుడు దామెర్ల రామారావు పేరున ఉన్న ఆర్ట్ గ్యాలరీ చూసి రండి. 1925లో, ముప్పై ఏళ్లు నిండకుండానే పోయారాయన. రంగుల కన్నా ముందు ఆయన గీత చూడండి.

అడకత్తెర సులువే. ఇనుము అంతగా మెరవదు. 2బిని పడుకోబెట్టి రుద్ది, తుప్పు చోట ముద్ద రబ్బరుతో (పిండి ముద్దలా నలిపి వాడే రబ్బరు) అద్ది అద్ది తీయండి. వక్కలు కత్తిరించి అరిగిన అంచు మాత్రం తెల్లగా వదలండి. కాస్త తెరిచి పెట్టి గీయండి, మూసి ఉంటే బొమ్మలో అదేమిటో పోల్చుకోలేం.

గీశాక ఇక్కడ పెట్టండి. మీ చెంబు మీద ఎవరి పేరు కొట్టి ఉందో కూడా రాయండి.