బెలుం గుహలు చూసొచ్చాక మావాడు నీట్ వద్దంటున్నాడు

ప్రశ్న: మాది తాడిపత్రి దగ్గర పల్లె. నాలుగెకరాల చీనీ తోట, ఒక బోరు ఉన్నాయి. మావాడు ఇంటర్ బైపీసీ రెండో ఏడు. దసరా సెలవుల్లో బెలుం గుహలు చూసొచ్చినప్పటి నుంచి కళ్లు లేని చేపలు, చీకట్లో బతికే పురుగులు... ఇవే మాటలు. నీట్ రాయను, గుహల్లో జీవుల గురించి చదువుతా అంటున్నాడు. వాళ్ల నాన్న మాట్లాడటం మానేశారు. అసలు అలాంటి చదువు ఉందా? కూడు పెడుతుందా?

జవాబు: అమ్మా, అలాంటి చదువు ఉంది. కానీ గుహ జీవశాస్త్రం అన్న పేరుతో మన దగ్గర డిగ్రీ సీటు ఉండదు, ఆ పేరుతో ఉద్యోగ ప్రకటన కూడా రాదు. జువాలజీలో చేరి, పీజీ దాటి, పరిశోధనకు వచ్చాక తేల్చుకునే దారి ఇది. కాబట్టి ఈ ఏడాదే అటో ఇటో తేలిపోవాలన్న టెన్షన్ ముందు తీసేయండి.

మీవాడి మనసు ఎందుకు అటు లాగుతోందో నాకు అర్థమైంది. ఛత్తీస్‌గఢ్‌లో జగదల్‌పూర్ దగ్గర, కాంగేర్ లోయ అడవిలో కుటుంసర్ అనే గుహ ఉంది. నేను అక్కడికి వెళ్లినప్పుడు గైడు ఒక మడుగు పక్కన కూర్చోబెట్టి, టార్చి వెలుగు నీళ్ల మీదికి తిప్పాడు. వేలెడంత కూడా లేని చేప, పాలిపోయిన రంగు. వెలుగు మీద పడినా పెద్దగా బెదరలేదు. నా చెప్పు కింద నుంచి చిన్న రాయి నీళ్లలోకి జారగానే మాత్రం చటుక్కున తిరిగింది. ఆ జాతి చేపలు బయటి వాగుల్లో మామూలు కళ్లతోనే ఉంటాయి. గుహలోని వాటికి కళ్లు చిన్నవైపోయాయి. అవి కూడా అన్నిటికీ ఒకేలా లేవు, ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ. మార్పు ఇంకా జరుగుతూ ఉండగానే చూస్తున్నామన్నమాట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కళ్లు ఎందుకు పోతాయని మీవాడు ఇప్పటికే మిమ్మల్ని అడిగి ఉంటాడు. గుహలో ఎండ ఉండదు, మొక్క ఉండదు. వానాకాలం వరద తెచ్చే ఆకూ అలమూ, గబ్బిలాల పెంట, అంతే తిండి. కన్ను, దాని వెనక పనిచేసే మెదడు భాగం ఒంటికి చాలా ఖర్చు. చీకట్లో దానివల్ల లాభం లేదు. మెక్సికో గుహ చేపలో పిండం దశలో కళ్లు ఏర్పడటం మొదలై, తర్వాత క్షీణించిపోతాయి. దాని సొంత జాతే పైన నదిలో కళ్లతో బతుకుతోంది, రెండూ కలిస్తే పిల్లలు కూడా పుడతాయి. అందుకే జన్యుశాస్త్రం ల్యాబుల్లో ఆ చేపకు అంత గిరాకీ. అంటే గుహ మీద ఇష్టంతో మొదలైనవాడు ఫీల్డులో జీవుల్ని వెతికే పని చేయవచ్చు, ల్యాబులో జన్యువుల పనీ చేయవచ్చు.

మన తెలుగు నేలకు ఇందులో మంచి చోటే ఉందమ్మా. నాగార్జున యూనివర్సిటీలో ఆచార్య వై. రంగారెడ్డి, ఆయన శిష్యులు ఏళ్ల తరబడి బోర్లు, బావులు, ఏటి ఇసుక కింది నీళ్లు వడకట్టి, అంతకు ముందు ఎవరూ చూడని సూక్ష్మమైన రొయ్యజాతి జీవుల్ని బయటపెట్టారు. 2011లో అలాంటి ఒక ప్రజాతికి (దగ్గరి జాతుల గుంపుకు) ఆంధ్రకాయిడిస్ అని పేరు పెట్టారు. ఇంకొక జీవి పేరులో బొర్రా గుహలే ఉన్నాయి: హాబ్రోబాథినెల్లా బొర్రాయెన్సిస్. గబ్బిలాలంటే ఇష్టపడేవాళ్లకు హైదరాబాద్‌లో ఉస్మానియా ఉంది. కర్ణాటకలో ఒకే ఒక్క గుహలో మిగిలినట్టు తెలిసిన కోలార్ గబ్బిలం మీద ఉస్మానియా పరిశోధకులు పనిచేశారు.

ఇక కూడు సంగతి. పరిశోధనకు ఎంపికై పీజీ తర్వాత రాసే జాతీయ పరీక్ష సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 వస్తుంది, పైన ఇంటి అద్దె భత్యం. ఆ తర్వాత డిగ్రీ కాలేజీ లెక్చరర్, యూనివర్సిటీ, కోల్‌కతా కేంద్రంగా జంతువుల మీద పరిశోధన చేసే ప్రభుత్వ సంస్థ జూలాజికల్ సర్వే (దాని మంచినీటి జీవుల విభాగం హైదరాబాద్‌లోనే ఉంది). విదేశాల్లో ఇంకో దారి కూడా ఉంది. పశ్చిమ ఆస్ట్రేలియాలో గని తవ్వాలంటే, భూమి కింద బతికే జీవులకు ముప్పు ఉండే చోట వాటిని ముందే సర్వే చేయించాలి. ఆ పని చేసే కన్సల్టెన్సీలు ఉన్నాయి. కానీ ఒకటి దాచను. డాక్టరుకు వచ్చినంత డబ్బు ఇందులో రాదు, స్థిరపడేసరికి ముప్పై దాటవచ్చు. చీనీ ధర పడిపోయిన ఏడాది ఇంట్లో ఎలా ఉంటుందో మీకు తెలుసు. వాళ్ల నాన్న భయం అక్కడి నుంచే వస్తోంది, అది కోపం కాదు. మీవాడు ఆ లెక్కలన్నీ కాగితం మీద రాసుకుని నాన్నతో కూర్చుని మాట్లాడాలి.

ఈ ఏడాదికి నా సలహా, నీట్ మానద్దు. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఎలాగూ చదువుతున్నాడు. దాంతోపాటు ఐసర్‌ల (సైన్సు చదువు, పరిశోధనల కోసం కేంద్రం పెట్టిన సంస్థల) ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయించండి. అందులో లెక్కల ప్రశ్నలు కూడా ఉంటాయి కాబట్టి, బైపీసీ వాడు వాటిని ఇప్పుడే పట్టుకోవాలి. తిరుపతి ఐసర్ మీకు దూరం కాదు. అది రాకపోతే ఏదైనా మంచి కాలేజీలో జువాలజీ డిగ్రీ, తర్వాత డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌లోనో బెంగళూరులోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ ఎన్‌సీబీఎస్‌లోనో వన్యప్రాణి పీజీకి ప్రయత్నం. సీట్లు చాలా తక్కువ, పోటీ గట్టిది.

స్నేహితులతో కలిసి లైట్లు లేని బిలాల్లోకి దూరడం మాత్రం అస్సలు కుదరదని చెప్పండి. ఇది బతిమాలి చెబుతున్నాను. బెలుంలో టూరిజం వాళ్లు లైట్లు, గాలి వచ్చే ఏర్పాటు పెట్టారు కాబట్టి మనం తిరిగొస్తున్నాం. ఊరి పక్క గుహలో ఆక్సిజన్ తక్కువ ఉండవచ్చు, గబ్బిలాల పెంట దుమ్ముతో ఊపిరితిత్తులకు ఫంగస్ పట్టవచ్చు, ఎక్కడో పడిన వానకు నీళ్లు లోపలికి రావచ్చు. మనం వెళ్తే గబ్బిలాలకూ మంచిది కాదు. అమెరికాలో 2006 నుంచి ఒక ఫంగస్ లక్షల గబ్బిలాల్ని చంపింది. అది మనుషుల బూట్లు, బట్టల ద్వారా కూడా ఒక గుహ నుంచి ఇంకో గుహకు చేరగలదు.

వాడి ఇష్టం ఎంత లోతుదో తెలియాలంటే గుహ దాకా పోనక్కర్లేదు, మీ తోటలో బోరు చాలు. స్క్రీన్ ప్రింటింగ్ వాళ్ల దగ్గర దొరికే సన్నటి నైలాన్ గుడ్డ తెచ్చి డెలివరీ పైపు మూతికి సంచిలా కట్టమనండి. గుడ్డ చిరగకుండా నీళ్లు కాస్త తగ్గించి, అరగంట వదలాలి. గుడ్డలో మిగిలింది తెల్ల పళ్లెంలోకి కడిగి, కాలేజీ మైక్రోస్కోపు కింద చూడాలి. చాలాసార్లు ఇసుక, తుప్పు తప్ప ఏమీ ఉండదు. ఎప్పుడో ఒకసారి మిల్లీమీటరు కూడా లేని, కళ్లు లేని, తెల్లటి దారప్పోగు లాంటిది కదలవచ్చు. గుహల మీద పనిచేసేవాళ్ల రోజులు ఎక్కువగా ఇలా పళ్లెం ముందే గడుస్తాయి. మోటారు వేసేది నాన్నే కదా, ఆయన్నీ పక్కన నిలబడమనండి. పదిసార్లు పట్టాక, ఏం కనిపించిందో, ఏం కనిపించలేదో, తేదీలతో సహా నాకు రాయమనండి.